తాళం ఎవరి దగ్గరుంది?

ఈమధ్య ఏ వ్యాపారస్తుణ్ని కదిపినా ఒకటే జవాబు. "మీ లెక్కలు, మీ ఖాతాదార్ల వివరాలు ఎక్కడ పెట్టారు బాబూ?" అంటే "క్లౌడ్‌లో ఉన్నాయి సార్" అంటాడు. ఆ క్లౌడు ఏ ఊళ్లో ఉంది, అక్కడికి కరెంటు ఎన్ని దారుల్లో వస్తుంది, దాని తాళం ఎవరి చేతిలో ఉంది అని ఇంకో రెండు మాటలు అడిగితే మొహం చిట్లిస్తాడు. "అదంతా వెండర్ చూసుకుంటాడు సార్." కోట్ల టర్నోవరు, వందలమంది జీతాలు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆ లెక్క, అన్నీ ఆ వెండర్ చేతిలో. ఆ వెండర్ పేరు చెప్పమంటే ఫోన్‌లో వెతుక్కుంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నేను బ్యాంకు ఈడీపీ (కంప్యూటర్) విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. మా బ్యాంకుల్లోకి యంత్రాలు రావడానికి 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదిక దారి వేసింది. (ఆ రంగరాజన్ గారే తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు, ఆ తర్వాత మన ఉమ్మడి రాష్ట్రానికీ గవర్నరుగా వచ్చారు.) లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లతో మొదలుపెట్టి కోర్ బ్యాంకింగ్ దాకా నా కళ్లముందే వచ్చాయి. అందుకే చెబుతున్నాను: మా రోజుల్లో యంత్రాలు చిన్నవే గాని, ఏది ఎక్కడుందో, ఎవరు జవాబుదారో మాకు తెలుసు. ఇవాళ యంత్రాలు కొండంత పెరిగాయి, ఆ తెలివిడి పోయింది.

కంప్యూటరు గది కట్టాలంటే మేం మొదట కంప్యూటరు కొనేవాళ్లం కాదు. గొయ్యి తవ్వించేవాళ్లం. ఎర్తింగ్ కోసం పదడుగుల లోతు గొయ్యిలో రాగి పలక దించి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి, పైకి ఒక గొట్టం వదిలేవాళ్లం. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ రెండు వోల్టుల లోపు ఉందని మీటరు పెట్టి చూసుకుంటే తప్ప కంపెనీ ఇంజనీరు యంత్రం పెట్టె విప్పేవాడు కాదు. ఎండాకాలం నేల ఎండితే ఎర్తింగ్ పనిచెయ్యదు. అందుకని అటెండరు పొద్దున్నే ఆ గొట్టంలో బిందెలతో నీళ్లు పోసి రిజిస్టర్లో సంతకం పెట్టేవాడు. ఇవాళ ఎంతమంది ఐటీ మేనేజర్లకు తమ బిల్డింగు ఎర్త్ పిట్ ఎక్కడుందో తెలుసు? ఒక కంపెనీలో అడిగితే దానిమీద టైల్స్ వేసి కారు పార్కింగ్ చేశారని వాచ్‌మన్ చూపించాడు. ఆ కంపెనీలో సర్వర్ బోర్డులు ఏడాదికోసారి కాలిపోతుంటే సర్వర్లు అమ్మినవాణ్ని తిడుతున్నారు.

ఏసీలు కూడా రెండు పెట్టేవాళ్లం. ఒకటి పనిచేస్తుంటే ఒకటి విశ్రాంతి. ఒకటి చెడితే రెండోది వెంటనే అందుకోవాలి. ఇప్పుడు దీన్నే ఎన్ ప్లస్ వన్ అని పేరుపెట్టి ప్రెజెంటేషన్లలో చూపిస్తున్నారు. సంతోషమే. కానీ ఆ రెండు ఏసీలకూ కరెంటు ఒకే ప్యానల్ బోర్డు నుంచి వెళ్తుంటే రెండు ఉండి ఏం లాభం? వేసవిలో ఆ ఒక్క బ్రేకరు పడిపోతే రెండూ కలిసే ఆగుతాయి.

యూపీఎస్ బ్యాటరీల గది మాకు వేరుగా ఉండేది. అవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది, ఆసిడ్ ఆవిరి లోహాన్ని తింటుంది. కాబట్టి వేరే గది, ఎగ్జాస్ట్ ఫ్యాను, ఆసిడ్‌కి తట్టుకునే టైల్సు, వారానికోసారి డిస్టిల్డ్ వాటర్ నింపడం. బ్యాటరీని యంత్రం పక్కన పెట్టకూడదన్నది మాకు మొదటిరోజే నేర్పిన పాఠం. లిథియం బ్యాటరీలు వచ్చాక జాగా ఆదా అని వాటిని తెచ్చి సర్వర్ల పక్కనే పెట్టడం మొదలుపెట్టారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ఏమైందో చూడండి. ప్రభుత్వ డేటా సెంటర్లో సర్వర్లున్న అంతస్తులోనే ఉన్న లిథియం బ్యాటరీలను కిందికి తరలించబోతుండగా మంటలంటుకున్నాయి. ప్రభుత్వానికి చెందిన 709 కంప్యూటర్ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ అనే నిల్వలో 858 టెరాబైట్లు బూడిదైపోయాయి. దానికి బయట ఎక్కడా నకలు లేదు. పరిమాణం మరీ పెద్దదని నకలు తీయలేదట! ప్రపంచానికి సెల్‌ఫోన్లు, చిప్పులు అమ్మే దేశం అది. పరిమాణం పెద్దదైతే నష్టమూ పెద్దదేనని అక్కడ ఎవరూ గట్టిగా అనలేదా అని నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు.

మన దగ్గర నాకు రోజూ కనిపించే పెద్ద తప్పు సెల్లారు. హైదరాబాద్‌లో ఏ కమర్షియల్ కాంప్లెక్సులోకి దిగినా జనరేటరు సెల్లార్లో, పక్కనే డీజిల్ ట్యాంకు, దాని పక్కనే మెయిన్ ప్యానల్. పై అంతస్తులో కోటి రూపాయల ర్యాకులు. 2020 అక్టోబరు వానలకు నగరంలో సెల్లార్లు చెరువులయ్యాయి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఇన్ని చూశాక కూడా కొత్త బిల్డింగు ప్లానులో జనరేటరుకి సెల్లారే! మా రోజుల్లో బ్రాంచికి కంప్యూటరు గది చూడ్డానికి వెళ్తే, ఆ వీధిలో పెద్దవాళ్లని అడిగి రమ్మనేవారు: వరదొస్తే నీళ్లు ఇక్కడిదాకా వస్తాయా, ఎంతెత్తు వచ్చాయి, ఎప్పుడు? ఆ జవాబు ఫైల్లో రాసేవాళ్లం. కన్సల్టెంటు రిపోర్టు లేదు, ఫీజు లేదు. వీధి అరుగు మీద కూర్చున్న ముసలాయన మాట, మా సంతకం.

ఇప్పుడు విశాఖపట్నం వంతు వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది: అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రగర్భ కేబుల్. మన పిల్లలకు ఉద్యోగాలొస్తే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ గిగావాట్ అంటే ఏమిటో జనానికి ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ స్టేషన్ మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. అందులో సగం ఒక్క డేటా సెంటరుకు. ఆ యంత్రాల వేడి తీయడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు ఏ జలాశయం నుంచి, మే నెలలో ఊరికి మిగిలేదెంత? ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ ఊరిమీద నుంచే వెళ్లింది. టవర్లు ఒరిగాయి, స్తంభాలు పడ్డాయి, కరెంటు, ఫోను రోజుల తరబడి లేవు, పెట్రోలు బంకుల ముందు వరసలు కట్టారు. డేటా సెంటర్ ప్రమాణాలు రాసే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కలో డీజిల్ నిల్వ కనీసం 12 గంటలకు సరిపోవాలి. పన్నెండు గంటల తర్వాత ట్యాంకరు రావాలి కదా! రోడ్డుకు అడ్డంగా చెట్లు పడి ఉన్నప్పుడు ఏ ట్యాంకరు వస్తుంది? తూర్పు తీరంలో కట్టేవాడు పన్నెండు గంటల లెక్కతో కడితే తనని తాను మోసగించుకున్నట్టే. గూగుల్‌కి ఇవన్నీ తెలుసు, వాళ్లకి చెప్పే స్థాయి నాది కాదు. నా బాధ దాని పక్కన చేరి చిన్న చిన్న సెంటర్లు కట్టే మనవాళ్ల గురించి.

సరే, గోడలూ కరెంటూ అయ్యాయి. అసలు బెంగ తాళం గురించి.

బ్యాంకు స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు. ఒకటి అధికారి దగ్గర, ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర. ఎంత గొప్పవాడైనా ఒక్కడే వెళ్లి తెరవలేడు. ఒకరు సెలవు పెడితే తాళం చేతులు మారినట్టు రిజిస్టర్లో తేదీ, టైము, ఇద్దరి సంతకాలు. డూప్లికేటు తాళాలు సీలు వేసిన కవర్లో వేరే బ్రాంచిలో. జాయింట్ కస్టడీ అనేవాళ్లం దీన్ని. ఒకరి మీద అనుమానంతో పెట్టిన పద్ధతి కాదు. ఆ తాళం పట్టుకున్నవాడి మీద ఎవరూ నింద వెయ్యలేకుండా కాపాడే పద్ధతి. కంప్యూటర్లు వచ్చాక సిస్టమ్ పాస్‌వర్డుకీ అదే పెట్టాం. సగం ఒకరు, సగం ఇంకొకరు. రాసిన కాగితం సీలు కవర్లో, ఆ కవరు స్ట్రాంగ్ రూములో. కవరు తెరిస్తే ఎందుకు తెరిచామో రాయాలి, కొత్త పాస్‌వర్డు పెట్టి మళ్లీ సీలు వెయ్యాలి. ఇన్స్‌పెక్షనుకు వచ్చినవాడు ముందు ఆ కవరే చూసేవాడు.

ఇవాళ? అడ్మిన్ పాస్‌వర్డు కంపెనీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. రెండేళ్ల కింద మానేసిన కుర్రాడి లాగిన్ ఇంకా పనిచేస్తుంది. ఫైర్‌వాల్ పెట్టి వెళ్లిన టెక్నీషియన్ దగ్గరే దాని పాస్‌వర్డు ఉంది, అతనికి ఇదే పాస్‌వర్డుతో ఇంకో పాతికమంది కస్టమర్లున్నారు. పని తొందరగా అవుతుందని ప్రతివాడికీ పూర్తి అధికారాలు. ఫార్మా కంపెనీలు, ఆసుపత్రులు, చిట్‌ఫండ్లు, కాలేజీలు, ఎక్కడ చూసినా ఇదే వరస.

దీని ఫలితం మన హైదరాబాద్‌లోనే చూశాం. 2021 నవంబరులో మహేష్ బ్యాంకు ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. ఎవరో తెరిచారు. లోపలికి జొరబడ్డవాళ్లు రెండు నెలలు ఓపికగా కూర్చుని, 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు ఖాతాల నుంచి ఖాతాలకు తోసేశారు. రక్షణ ఏర్పాట్లలో లోపాలను హైదరాబాద్ పోలీసులే బయటపెట్టారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు 8.1 కోట్ల డాలర్లు పోయాయి. దేశాల మధ్య డబ్బు పంపే స్విఫ్ట్ యంత్రాలున్న ఆ నెట్‌వర్కుకు ఫైర్‌వాల్ లేదు, వాడింది పది డాలర్ల పాత స్విచ్చులు అని అక్కడి దర్యాప్తు అధికారులే చెప్పారు. దొంగలు అడిగింది దాదాపు 95 కోట్ల డాలర్లు. ఒక సంస్థ పేరులో స్పెల్లింగ్ తప్పు రాయడం వల్ల శ్రీలంక వెళ్లిన రెండు కోట్లు వెనక్కొచ్చాయి. ఆ తప్పును పట్టుకుంది కాగితం చదివిన మనిషి, యంత్రం కాదు.

ఈ దాడుల తేదీలు చూడండి. బంగ్లాదేశ్‌ది గురువారం రాత్రి, తెల్లారితే వాళ్లకి శుక్రవారం సెలవు. పుణెలో కాస్మోస్ బ్యాంకు మీద దాడి 2018 ఆగస్టు 11, రెండో శనివారం. మహేష్ బ్యాంకుది నాలుగో శనివారం, ఆదివారం కలిసొచ్చిన వారాంతం. మా రోజుల్లో సెలవంటే బ్యాంకు మూత, స్ట్రాంగ్ రూము బిగింపు, గార్డు తిరుగుడు. ఇవాళ సెలవంటే బ్యాంకు తలుపులు ఇరవైనాలుగ్గంటలూ బార్లా తెరిచి, లోపల మనిషి లేకుండా వదిలెయ్యడం! కాస్మోస్‌లో ఏం చేశారంటే, ఏటీఎం అడిగిన ప్రశ్న బ్యాంకు అసలు కంప్యూటరుదాకా పోకుండా మధ్యలో ఒక దొంగ స్విచ్చు నిలబెట్టి, ప్రతిదానికీ "ఇవ్వొచ్చు" అని జవాబిప్పించారు. 28 దేశాల్లో కొన్ని గంటల్లో 78 కోట్లు డ్రా చేశారు. మన దేశంలో తీసిందీ, స్విఫ్ట్ ద్వారా హాంకాంగ్‌కి పంపిందీ కలిపితే మొత్తం 94 కోట్లు. అసలు లెడ్జరులో పద్దు పడకుండా క్యాషు బయటికి పోయిందన్నమాట. సాయంత్రం డే బుక్ టాలీ కాకపోతే ఒక్కరినీ ఇంటికి కదలనివ్వని మేనేజర్ల కింద పనిచేశాను నేను. పదిపైసల తేడాకి రాత్రి తొమ్మిదింటిదాకా వోచర్లు తిరగేశాం. ఆ పట్టుదలే ఇప్పుడు నిమిష నిమిషానికీ యంత్రంతో చేయించొచ్చు. ఏటీఎం ఇచ్చిన డబ్బుకీ లెడ్జర్లో పడ్డ పద్దుకీ తేడా వస్తే అక్కడికక్కడే ఆపెయ్యొచ్చు. చేయించడానికి ఆదివారం కూడా ఒక మనిషికి డ్యూటీ వెయ్యాలి. ఆ జీతం దగ్గర పీనాసితనం.

బ్యాకప్ సంగతి మరీ ఘోరం. మేం రోజువారీ టేపు, వారాంతపు టేపు, నెలాఖరు టేపు వేరుగా తీసేవాళ్లం. ఒక ప్రతి ఫైర్‌ప్రూఫ్ బీరువాలో, ఒక ప్రతి మనిషి చేత ఇంకో బ్రాంచికి. మూడు నెలలకోసారి పాత టేపు తీసి, వేరే యంత్రం మీద ఎక్కించి, బ్యాలెన్సులు ప్రింటు తీసి, లెడ్జరుతో సరిపోల్చి సంతకం పెట్టేవాళ్లం. టేపు మీద రాసినట్టు చూపించి లోపల ఖాళీగా ఉన్న సందర్భాలు అలా పట్టుకున్నవే. ఇప్పుడు "ఆటోమేటిక్ బ్యాకప్ ఉంది సార్" అంటారు. ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూశారా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పైగా ఆ బ్యాకప్ అదే నెట్‌వర్కులో, అదే పాస్‌వర్డు కింద. డబ్బిస్తేనే తాళం తీస్తాననే రాన్సమ్‌వేర్‌తో వచ్చినవాడు ముందు దానికే తాళం వేస్తాడు, ఆ తర్వాతే అసలుది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోతే, కొందరు కస్టమర్ల బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉండి పోయింది. డబ్బు కట్టారు, వేరేచోట ఉందనుకున్నారు, అడగలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న రాన్సమ్‌వేర్ దాడితో అయిదు సర్వర్లకు తాళం పడి, రోగుల చీటీలు రెండు వారాలు చేత్తో రాశారు. అక్కడ ఈ-హాస్పిటల్ డేటా దక్కింది ఎందుకంటే, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు మిగిలింది కాబట్టి. ఆ ఒక్కటీ లేకపోతే లక్షలమంది వైద్య చరిత్ర ఏమయ్యేదో తలచుకుంటే భయం వేస్తుంది.

ఇప్పటివన్నీ చెడ్డవని నేను అనను. మా టేపు మీద ఉన్నది ఎవరి చేతికి దొరికినా చదువుకోగలిగేవాడు. ఇవాళ ఎన్‌క్రిప్షన్ ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో మన మాసాబ్ ట్యాంకు దగ్గర ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ పెట్టింది. బ్యాంకుల మధ్య సొంత నెట్‌వర్కు ఇన్ఫినెట్ 1999లో అక్కడినుంచే మొదలైంది. ఆ పని చేసినవాళ్ల శ్రద్ధ నాకు తెలుసు. 2024 జులై చివర్లో, చిన్న బ్యాంకులకు సేవలందించే సీ-ఎడ్జ్ అనే టెక్నాలజీ సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, దేశంలో చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను వెంటనే చెల్లింపుల వ్యవస్థ నుంచి విడగొట్టి మిగతా దేశానికి అంటకుండా ఆపింది. మా రోజుల్లో అంత వేగం కలలో కూడా లేదు. కానీ దానితో పాటు దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులు యూపీఐ లేక, ఏటీఎం లేక ఆగిపోయారు. మూడు వందల బ్యాంకుల గొంతు ఒకే చోట ఉందని అప్పటిదాకా ఎంతమంది డైరెక్టర్లకు తెలుసు?

చట్టాలూ గట్టివే వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం దాడి తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, లాగులు (యంత్రంలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రత పాటించకపోతే 250 కోట్లదాకా జరిమానా ఉంది. కంపెనీలు చేస్తున్నదేమిటి? కన్సల్టెంటును పిలిచి పాలసీ పుస్తకం రాయించి, సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి రిసెప్షన్లో వేలాడదీస్తున్నారు. ఆ పుస్తకంలో ఇంకో కంపెనీ పేరు చెరిపెయ్యడం మర్చిపోయిన పేజీలు నేను చూశాను. ఆరు గంటల్లో చెప్పాలంటే ముందు తెలియాలి కదా! లాగులు చూసే మనిషే లేని కంపెనీకి ఆరు నెలలకు తెలుస్తుంది.

మొన్న జీడిమెట్లలో మందుల కంపెనీ నడిపే ఒకాయన వచ్చాడు. కొత్త ఫైర్‌వాల్, కొత్త యాంటీ వైరస్, కొత్త సర్వర్లు కలిపి భారీ కొటేషను చేతిలో ఉంది. "ఏది కొనమంటారు అంకుల్?" అన్నాడు. ఇప్పుడే ఏమీ కొనొద్దన్నాను. వచ్చే రెండో శనివారం ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు రమ్మన్నాను. సర్వరు వైరు తీసేసి, బయట దాచిన బ్యాకప్ తెప్పించి, ఏమీ లేని కొత్త యంత్రం మీద ఎక్కించి, గడియారం పెట్టుకుని సోమవారం పొద్దున్న మొదటి ఇన్‌వాయిస్ తీయగలమో లేదో చూద్దామన్నాను. ఈలోపు నాలుగు పనులు చెప్పాను. మానేసినవాళ్ల లాగిన్లన్నీ తీసెయ్యి. అడ్మిన్ పాస్‌వర్డు మార్చి రెండు ముక్కలు చేసి ఇద్దరికి ఇచ్చి, సీలు కవరు మీ ఆవిడ దగ్గర పెట్టు. వెండర్ కాంట్రాక్టులో డేటా ఏ ఊళ్లో ఉందో, రెండో నకలు ఏ ఊళ్లో ఉందో లిఖితపూర్వకంగా అడుగు. జనరేటరు సెల్లార్లోంచి పైకి తెప్పించడానికి ఎంతవుతుందో మేస్త్రీని పిలిచి లెక్క కట్టించు. ఆయన ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. వెండర్‌కి నా ముందే ఫోను చేసి రెండో నకలు ఎక్కడుందని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాడు వెండరు.